మా గది ఉష్ణోగ్రత 43 డిగ్రీలు

సోమవారం పొద్దున ల్యాబ్ తలుపు తీయగానే అన్నం గిన్నె మీద మూత తీసినట్టు మొహానికి వేడి కొట్టింది. 2024 మే నెల. శని, ఆదివారాలు కిటికీలన్నీ మూసే ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం తెల్ల టైల్ మీద పెట్టి వెళ్లిన సీసా అక్కడే ఉంది. పెట్టినప్పుడు అందులో ఉన్నది పసుపు కలిపిన నీళ్లలా తేటగా కనిపించే వెనేడియం ద్రావణం. ఇప్పుడు పైన లేత పసుపు, అడుగున అర అంగుళం మందాన ఇటుక పొడి.

సీసా వంచి చూశాను. పొడి నెమ్మదిగా జారి మళ్లీ అడుగుకు చేరింది. గాజుకు అంటిన చోట నారింజ రంగు మరకలు. నాకు ముందు వచ్చిన ఆలోచన ఒక్కటే, సీసా సరిగా కడగలేదేమో అని. రెండోది, యాసిడ్‌లో ఏదో కలిసిందేమో అని. మూడోది కొంచెం సిగ్గుపడాల్సినది: ఎవరైనా కావాలని ఏమైనా వేశారా అని కూడా అనుకున్నాను. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకు ఇలాంటి అనుమానాలు మామూలే.

నేను కరీంనగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. హనుమకొండలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. వారంలో రెండు మూడు రోజులు జమ్మికుంటలో రైలెక్కి కాజీపేటలో దిగి, ఆటోలో ల్యాబ్‌కు. వెనేడియం మీద పని చేయమన్నది మా గైడ్ సారే. ఆ లోహంతో నా పరిచయం అప్పటికి డిగ్రీ ప్రాక్టికల్స్‌లో చూసిన రంగుల దాకానే. అమ్మోనియం మెటావెనడేట్‌ను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కలిపి జింకు ముక్కలు వేస్తే పసుపు పోయి నీలం, నీలం పోయి ఆకుపచ్చ, అదీ పోయి చివరికి ఊదా. ఒకే లోహం, నాలుగు రంగులు. ప్లస్ 5 నుంచి ప్లస్ 2 దాకా ఒక్కో ఎలక్ట్రాన్ తీసుకుంటూ మెట్లు దిగడమే అది. ల్యాబ్‌లో మేం వీ-ఫైవ్, వీ-ఫోర్, వీ-త్రీ, వీ-టూ అనుకుంటాం.

నా పని ఫ్లో బ్యాటరీ మీద, అంటే ట్యాంకుల్లోని ద్రావణంలో కరెంటు నిల్వ చేసే బ్యాటరీ. అది నడిచేది ఈ మెట్ల మీదే. రెండు ట్యాంకులు, మధ్యలో ఒక సెల్, సెల్ మధ్యలో మెంబ్రేన్ అనే పల్చటి పొర. పాజిటివ్ వైపు వీ-ఫోర్, వీ-ఫైవ్ మధ్య మార్పు, నెగటివ్ వైపు వీ-త్రీ, వీ-టూ మధ్య మార్పు. పట్టికల్లో మొదటిదానికి దాదాపు 1.00 వోల్టు, రెండోదానికి మైనస్ 0.26. తేడా 1.26 వోల్టులు. రెండు వైపులా ఒకే లోహం కాబట్టి మెంబ్రేన్ గుండా అటుది ఇటు కొంచెం కారినా ద్రావణం శాశ్వతంగా పాడు కాదు, తిరిగి సరిచేసుకోవచ్చు. 1970లలో నాసా వాళ్లు ఇనుము, క్రోమియంతో ఇలాంటిది చేసినప్పుడు పెద్ద తలనొప్పి ఈ కారడమే. 1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మరియా స్కిల్లాస్-కజాకోస్ బృందం రెండు వైపులా వెనేడియమే పెట్టి దాన్ని తప్పించింది.

చదివినప్పుడు ఎంత తేలికగా ఉందో చేసినప్పుడు అంత తేలిక కాలేదు. మొదటిసారి రెండు వైపులా సమానంగా 50 మిల్లీలీటర్ల చొప్పున నీలం ద్రావణం పోశాను. వీ-ఫోర్ ఉండే వెనడైల్ సల్ఫేట్ 2 మోలార్ (మోలార్ అంటే గాఢత కొలత), అందులో సల్ఫ్యూరిక్ యాసిడ్ 2 మోలార్. 1 ఆంపియర్ కరెంటు పెట్టి టిఫిన్‌కు వెళ్లొచ్చాను. రెండున్నర గంటలు బాగానే నడిచింది. ఆ తర్వాత వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేచింది. పాజిటివ్ వైపు బుడగలు, ఎలక్ట్రోడ్‌గా పెట్టిన గ్రాఫైట్ ఫెల్ట్ నుంచి నల్లటి నలుసులు. మొత్తం ఖరాబు.

తప్పు ఎక్కడుందో కాగితం మీద లెక్క వేస్తే గానీ తెలియలేదు. రెండు వైపులా మొదలయ్యేది వీ-ఫోర్‌తోనే. పాజిటివ్ వైపు వీ-ఫైవ్ కావడానికి పోవాల్సింది ఒక్క ఎలక్ట్రానే. నెగటివ్ వైపు వీ-టూ కావాలంటే రావాల్సినవి రెండు. అంటే నెగటివ్ సగం దారిలో ఉండగానే పాజిటివ్ పని అయిపోతుంది. ఆ పైన పోయే కరెంటు నీళ్లను విడగొడుతుంది, కార్బన్‌ను తినేస్తుంది. అందుకే మొదటి చార్జింగ్‌కు పాజిటివ్ వైపు రెట్టింపు పోయాలి. 100 మిల్లీలీటర్లు అటు, 50 ఇటు, 1 ఆంపియర్ మీద 5 గంటల 20 నిమిషాలు. అయ్యాక పాజిటివ్‌లో సగం తీసి పక్కన పెట్టేయాలి. ఆ తీసి పక్కన పెట్టిన సగమే నేను శుక్రవారం టైల్ మీద వదిలిన సీసా.

అంతకు ముందే ఇంకో రెండు రోజులు వేరే గొడవలో పోయాయి. చెప్పుకోవడానికి చిన్నదే, కానీ కొత్తవాళ్లు పడే గుంత. సీవీ తీస్తే, అంటే వోల్టేజీని ముందుకూ వెనక్కీ నడిపిస్తూ కరెంటు గీత గీయిస్తే, నా పాజిటివ్ జంట, అంటే వీ-ఫోర్, వీ-ఫైవ్ మార్పు, 0.8 వోల్టుల దగ్గర కనిపిస్తోంది. పుస్తకంలో 1.00. ఎలక్ట్రోడ్‌దే తప్పని గ్లాసీ కార్బన్‌ను అల్యూమినా పేస్ట్‌తో ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాను. ముందు 1 మైక్రాన్ పొడి, తర్వాత 0.3, చివర 0.05. ఫెర్రిసయనైడ్‌తో పరీక్ష చేస్తే రెండు శిఖరాల మధ్య దూరం మొదట 180 మిల్లీవోల్టులు ఉన్నది 75కు వచ్చింది. ఆదర్శంగా 59 రావాలి, మాలాంటి వాళ్లకు 75 వస్తే పండగే. ఎలక్ట్రోడ్ మెరుస్తోంది, 0.8 మాత్రం కదలదు. పక్క టేబుల్ అక్క వచ్చి ఒక్క మాట అడిగింది: "రెఫరెన్స్ ఏది పెట్టినవ్?" వోల్టేజీని ఏ ఎలక్ట్రోడ్‌తో పోల్చి కొలుస్తామో అదే రెఫరెన్స్. నాది సిల్వర్-సిల్వర్ క్లోరైడ్. పుస్తకంలోని అంకె హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చినది, నాది దానికంటే 0.197 వోల్టులు పైన. కలిపితే 1.00. అంతే సంగతి. అప్పటి నుంచి ఏ పేపర్ తీసినా ముందు చూసేది రెఫరెన్స్ ఎలక్ట్రోడ్ ఏదన్నదే. ఒకరు సిల్వర్ క్లోరైడ్, ఒకరు కాలొమెల్, సల్ఫేట్ ద్రావణం కాబట్టి ఇంకొకరు మెర్క్యురస్ సల్ఫేట్. అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చేస్తే పప్పులో కాలేసినట్టే.

మళ్లీ ఇటుక పొడి దగ్గరికి వస్తాను. దాన్ని సింకులో పోయలేదు, వెనేడియం విషమే, వేస్ట్ డబ్బాలోకి వంపాను. సీసాలన్నీ కొత్తగా కడిగి, కొత్త యాసిడ్ బాటిల్ విప్పి, మొత్తం మళ్లీ చేశాను. ఈసారి పక్కకు తీసిన ద్రావణాన్ని రెండు సీసాల్లో పోశాను. ఒకటి టైల్ మీదే. రెండోదానికి టేబుల్ మీద చోటు లేక, సీవీ తీసే పొటెన్షియోస్టాట్ మిషన్ ఉన్న చిన్న గదిలో పెట్టాను. ఆ ఒక్క గదికే ఏసీ ఉంది, అదీ మనుషుల కోసం కాదు, మిషన్ కోసం.

తర్వాతి సోమవారం మా అటెండర్ అన్న నా కంటే ముందే వచ్చి ఊడుస్తున్నాడు. నేను టైల్ దగ్గర తల పట్టుకుని నిలబడితే చూసి అన్నాడు:

"మేడం, మీరు ఏసీ రూంల పెట్టిన సీస మంచిగనే ఉన్నది. గీడ పెట్టిందే ఖరాబైంది."

పరుగెత్తి చూశాను. నిజమే. ఒకే చేత్తో, ఒకే ఫ్లాస్క్‌లోంచి పోసిన ద్రావణం. ఇక్కడ ఇటుక, అక్కడ తేట పసుపు. గోడకున్న థర్మామీటర్ పొద్దున తొమ్మిదికే 38 చూపిస్తోంది. మధ్యాహ్నం మూడింటికి 43.

అప్పటిదాకా నేను వెతికిన తీరు గురించి చెప్పాలి, ఎందుకంటే ఏడాదిన్నరలో నేను పోగేసిన పీడీఎఫ్‌లు నాలుగు వందలు దాటాయి, ఈ సంగతి మాత్రం అందులో నా కంట పడలేదు. నేను సెర్చ్‌లో కొట్టినది "వెనేడియం ఎలక్ట్రోకెమిస్ట్రీ" అని. అలా కొడితే వచ్చేది చెరువు కాదు, సముద్రం. జింక్-అయాన్ బ్యాటరీలో వెనేడియం పెంటాక్సైడ్ కాథోడ్లు, సోడియం బ్యాటరీలో వెనేడియం ఫాస్ఫేట్లు, సూపర్‌కెపాసిటర్లు, తుప్పు, చక్కెర వ్యాధికి వెనేడియం సంయోగాలు, సముద్రంలో తన రక్తకణాల్లో వెనేడియం దాచుకునే ఒక జీవి. అన్నీ బాగానే ఉంటాయి. ఒకటి చదువుతుంటే ఇంకోదాని మీద మనసు పోతుంది. సాయంత్రానికి పది డౌన్‌లోడ్లు అవుతాయి, పని అయిన తృప్తి కూడా ఉంటుంది. అది ఒట్టి భ్రమ.

సీసా చూశాక మొదటిసారి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. వీ-ఫైవ్ ద్రావణం, సల్ఫ్యూరిక్ యాసిడ్, వేడి, అవక్షేపం (అడుగున పడే పొడి). ఈ నాలుగు మాటలూ ఇంగ్లిష్‌లో కలిపి కొడితే మొదటి పేజీలోనే నా ఇటుక పొడి ఫొటో కనిపించింది. నాది కాదు, వేరే దేశంలో ఎవరిదో. కానీ అదే రంగు, అదే అర అంగుళం.

ఆ రోజు తర్వాత తెలుసుకున్న చిట్కాలు కొన్ని ఉన్నాయి, మా కాలేజీ పిల్లలకు కూడా ఇవే చెబుతున్నాను. ఈ బ్యాటరీకి పేపర్లలో మూడు పొట్టి పేర్లు ఉన్నాయి. వీఆర్‌ఎఫ్‌బీ అని చాలామంది రాస్తారు. ఆస్ట్రేలియా బృందం పాత పేపర్లలో వీఆర్‌బీ. చైనాలో డాలియన్ వాళ్లు మధ్యలో రెడాక్స్ మాట తీసేసి వీఎఫ్‌బీ అంటారు. ఏడాది పాటు బ్యాటరీ పేరు కొట్టినప్పుడల్లా నేను మొదటిదే కొట్టాను. అంటే ఈ రంగంలో అందరికంటే ఎక్కువ పని చేసిన వాళ్లలో ఒక గుంపు నా కంటికి కనపడకుండానే పోయింది. సల్ఫేట్ స్పెల్లింగ్ కూడా ఇంతే. మనం బడిలో నేర్చుకున్న పీహెచ్ స్పెల్లింగ్ ఒకటి, అమెరికా ఎఫ్ స్పెల్లింగ్ ఒకటి. రెండూ కొట్టాల్సిందే.

ఇంకోటి, ముందుకు నడవడం. 1985లో ఆ ఆస్ట్రేలియా బృందం ఈ రెండు జంటల మీదా తొలి కొలతలు అచ్చు వేసింది. పాత పేపర్ కదా అని నేను పక్కన పడేశాను. గూగుల్ స్కాలర్‌లో దాని కిందే "సైటెడ్ బై" అని ఉంటుంది, అంటే దాన్ని ఉటంకించిన తర్వాతి పేపర్ల జాబితా. అది నొక్కి, వచ్చిన జాబితాలోనే మళ్లీ నా నాలుగు మాటలూ కొట్టి, గత రెండేళ్లవే చూపించమంటే పేజీన్నర మిగిలింది. వేలల్లోంచి పేజీన్నర! అందులో మూడు రివ్యూలు, అంటే ఆ విషయం మీద వచ్చిన పేపర్లన్నీ సమీక్షించేవి. రివ్యూలో నేను ముందు చదివేది చివరి భాగం, అంటే ఇంకా తేలనివి ఏంటో రాసే చోటు. తర్వాత అదే వెతుకులాటకు అలర్ట్ పెట్టుకున్నాను. కొత్తది ఏదైనా వస్తే మెయిల్ దానంతటదే వస్తుంది. మనవాళ్ల థీసిస్‌ల కోసం శోధ్‌గంగ ఉంది. జర్నల్ పేపర్‌లో రెండు వాక్యాల్లో తేల్చేసే ప్రయోగ వివరాలు థీసిస్‌లో పది పేజీలు ఉంటాయి. ద్రావణం ఎలా చేశారు, ఎన్నిసార్లు చెడింది, మెంబ్రేన్‌ను ఎంతసేపు మరిగించారు, అంతా. ల్యాబ్‌లో చేతులు తిరగాలంటే నా లెక్కలో థీసిస్‌ను మించింది లేదు.

ఒక చాట్‌బాట్‌ను కూడా అడిగాను, ఎందుకు దాచడం. వీ-ఫైవ్ అవక్షేపం మీద ఐదు పేపర్లు చెప్పమన్నాను. టైటిల్, జర్నల్, సంపుటం, పేజీ, పేపర్ గుర్తింపుకు ఇచ్చే డీఓఐ నంబర్‌తో సహా చక్కగా ఇచ్చింది. రెండు నిజం. మూడు లేనే లేవు. డీఓఐ నొక్కితే ఒకటి ఎక్కడో సిమెంటు మీద పేపర్‌కు తీసుకెళ్లింది. వివరణకు పనికొస్తుంది, ఇంగ్లిష్ వాక్యం సరిచేసుకోవడానికి పనికొస్తుంది. పేపర్ ఉందా లేదా అన్నది మాత్రం మన కళ్లతో తెరిచి చూసుకోవాలి.

దొరికిన పేపర్ తెరుచుకోవడం వేరే కథ. 2024లో మాకు చాలా జర్నల్స్ వచ్చేవి కావు. సారాంశం కనిపించేది, లోపలికి వెళ్దామంటే ముప్పై నలభై డాలర్లు అడిగేది. హైదరాబాద్‌లో చదివే స్నేహితురాలికి వాట్సాప్‌లో లింకులు పంపేదాన్ని, ఆమెకు తీరినప్పుడు పీడీఎఫ్ వచ్చేది. రోజుకు ఐదు పంపితే ఎవరికైనా విసుగే. మొహమాటం వచ్చేసి, ఒకసారి నేరుగా రచయితకే మెయిల్ పెట్టాను. "నేను తెలంగాణలో పీహెచ్‌డీ స్కాలర్‌ని, మీ పేపర్ మాకు అందదు, పంపగలరా" అని నాలుగు లైన్లు. మర్నాడు పొద్దున కల్లా పేపర్, దాంతో పాటు నేను అడగని అనుబంధ ఫైల్ కూడా వచ్చాయి. అడిగితే ఏమనుకుంటారో అని ఏడాది ఆగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మొదలైంది. ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000, కేంద్రమే డబ్బు కట్టి ఇస్తోంది. మూడేళ్లకు 6,000 కోట్లు. వార్త చదివినప్పుడు నమ్మలేదు. ఒకరోజు జమ్మికుంట రైలులో, కిటికీ పక్క సీటులో, ఫోన్‌లో లాగిన్ కొట్టి ఒక పేపర్ నొక్కితే పూర్తిగా తెరుచుకుంది. పక్కన పల్లీలు తింటున్న పెద్దమ్మకు చూపించాలనిపించింది.

ఇక ఆ పేజీన్నరలో చదివింది ఏంటంటే. వీ-ఫైవ్ అయాన్ నీళ్లతో చర్య జరిపి వెనేడియం పెంటాక్సైడ్‌గా మారి అడుగున కూర్చుంటుంది, వెంట హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. ఇది వేడిని తీసుకునే చర్య. కాబట్టి వేడి పెరిగితే ముందుకే నడుస్తుంది. సాధారణంగా చెప్పే హద్దు 40 డిగ్రీలు. యాసిడ్ పెంచితే హైడ్రోజన్ అయాన్లు ఎక్కువై చర్య వెనక్కి తగ్గుతుంది. ఇంటర్‌లో లీ షాటెలియర్ సూత్రం బోర్డు మీద ఎన్నిసార్లు రాసి ఉంటాను! నా సీసాలోకి వచ్చేసరికి అది గుర్తు రాలేదు.

మరి యాసిడ్ పోసేస్తే పోలేదా అంటే, అటు వైపు ఇంకో చిక్కు. సల్ఫేట్ పెరిగితే మిగతా మూడు స్థితుల సల్ఫేట్లు చలికి స్ఫటికాలై పోతాయి. అందుకే పుస్తకాల్లో ఈ బ్యాటరీకి 10 నుంచి 40 డిగ్రీలు అని రాసి ఉంటుంది. కింద హద్దు చలి దేశాల కోసం, పై హద్దు మన ఎండ కోసం. 2011లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్లు సల్ఫేట్‌తో పాటు క్లోరైడ్ కలిపారు. 2.5 మోలార్ వెనేడియం, మైనస్ 5 నుంచి 50 డిగ్రీల దాకా నిలిచిందని చూపించారు. క్లోరైడ్ వీ-ఫైవ్‌ను పట్టుకుని వేరే రూపంలో కరిగి ఉండేలా చేస్తుంది. దానికి తగ్గ జాగ్రత్త కూడా కావాలి, ఎక్కువ చార్జ్ చేస్తే క్లోరిన్ గ్యాస్ వచ్చే ప్రమాదం ఉంది. మా ఫ్యూమ్‌హుడ్ ఫ్యాన్ తిరిగే తీరు చూశాక ఆ దారి నేనే వద్దనుకున్నాను. ఫాస్ఫారిక్ యాసిడ్ కొద్దిగా కలిపితే మేలని ఇంకొందరు రాశారు. ఎక్కువైతే వెనడైల్ ఫాస్ఫేట్ అని వేరే పొడి పడుతుంది.

ఇవన్నీ చదువుతుంటే ఒక మాట పదే పదే గుచ్చింది. ప్రతి పేపర్‌లోనూ ప్రయోగ భాగంలో ఉంటుంది: "గది ఉష్ణోగ్రత దగ్గర చేశాం." అంటే 25 డిగ్రీలు. నేను కూడా రెండేళ్లు నా నోట్‌బుక్‌లో కళ్లు మూసుకుని అదే రాశాను. హనుమకొండలో మే నెలలో ఏ గది ఉష్ణోగ్రత 25 ఉంటుంది? బ్యాటరీ మిద్దె మీద రేకుల షెడ్డులో పెడితే, అది నడిచేటప్పుడు పుట్టే సొంత వేడి కలిస్తే, సంగతేంటి?

వెనేడియం చరిత్రలో ఒక ముచ్చట ఉంది, ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1801లో మెక్సికోలో ఆండ్రెస్ మాన్యుయెల్ డెల్ రియో ఒక సీసపు ఖనిజంలో కొత్త మూలకం ఉందని కనిపెట్టాడు. దాని లవణాలు వేడి చేస్తే ఎర్రబడుతున్నాయని ఎరిత్రోనియం అని పేరు పెట్టాడు. నమూనా పారిస్ చేరింది. అక్కడ 1805లో ఒక ఫ్రెంచ్ రసాయనవేత్త పరీక్షించి, ఇది కొత్తదేం కాదు, క్రోమియమే అన్నాడు. డెల్ రియో తన మాట వెనక్కి తీసుకున్నాడు. పాతికేళ్ల తర్వాత, 1830లో, స్వీడన్‌లో సెఫ్‌స్ట్రోమ్ అదే మూలకాన్ని మళ్లీ కనిపెట్టి, రంగులు చూసి ముచ్చటపడి, వెనాడిస్ అనే దేవత పేరు పెట్టాడు. తన సీసాలో ఎరుపు కళ్ల ముందే ఉన్నా, దూరం నుంచి వచ్చిన ఉత్తరాన్ని నమ్మిన ఆయన మీద నాకు భలే జాలి కలిగింది.

పేపర్లు ఒకదానికొకటి ఎదురు చెప్పే చోటు కూడా తగిలింది. రెండు జంటల్లో ఏది నెమ్మది? కొందరు పాజిటివ్ అంటారు, కొందరు నెగటివ్ అంటారు. నేను మొదట ఎవరి పేపర్‌ను ఎక్కువమంది ఉటంకించారో వాళ్లదే నిజం అనుకున్నాను. ఐర్లండ్‌లో లిమరిక్ విశ్వవిద్యాలయం వాళ్ల పని చదివాక చిక్కు విడింది. కార్బన్‌ను ముందుగా ఎటు వోల్టేజీకి తీసుకెళ్లారన్న దాన్ని బట్టి ఉంటుందట. ఆక్సీకరణ వైపు తీసుకెళ్తే నెగటివ్ జంట చురుకవుతుంది, పాజిటివ్ జంట మందగిస్తుంది. దానికి ఎదురు వైపు తీసుకెళ్తే తారుమారు. అంటే ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఎలక్ట్రోడ్ గతం వేరు. ఆ రోజు నా పాత సీవీ గీతలు తీసి చూస్తే, పొద్దున తీసినవీ మధ్యాహ్నం తీసినవీ ఎందుకు కలవవో అర్థమైంది. మధ్యలో నేనే ఎలక్ట్రోడ్‌ను 1.4 వోల్టుల దాకా తోలి ఉన్నాను.

మా బాపు సింగరేణిలో చేసి రిటైరయ్యాడు. గోదావరిఖనిలో ఉంటారు. ఆదివారం పోతే వాకిట్లో కుర్చీ వేసుకుని అడిగాడు:

"బిడ్డా, గా సీసల నీళ్లు బ్యాటరీ ఎట్లైతయే?"

పొలంలో ట్యాంకు, మోటారుతో చెప్పాను. మోటారు ఎంత పెద్దదైతే అంత జోరుగా నీళ్లు వస్తాయి, ట్యాంకు ఎంత పెద్దదైతే అంతసేపు వస్తాయి. ఇందులో సెల్ మోటారు, ద్రావణం ట్యాంకు. రెండూ వేర్వేరుగా పెంచుకోవచ్చు. సెల్‌ఫోన్‌కు పనికిరాదు. లీటరు ద్రావణంలో పట్టేది 25 వాట్-గంటల దరిదాపుల్లోనే, లిథియంలో దానికి పది రెట్లు, ఇంకా పైనే. కానీ ఇది నీళ్లలో కరిగిన ద్రావణం, అంటుకోదు, ఏళ్ల తరబడి నడుస్తుంది.

"మన రామగుండం చెరువుల సోలార్ ఏసిండ్రు గదా. పొద్దుగూకినంక అది ఉత్తదే. దానికి పెట్టొచ్చా మరి?"

ఎన్టీపీసీ జలాశయం మీద తేలే ఆ 100 మెగావాట్ల ప్లాంటు 2022లో పూర్తయింది. ఇలాంటి బ్యాటరీలు సరిగ్గా దానికోసమే. చైనాలో డాలియన్‌లో 2022లో 100 మెగావాట్లు, 400 మెగావాట్-గంటలది గ్రిడ్‌కు కలిపారు. మన దగ్గర ఎన్టీపీసీ వాళ్ల పరిశోధన కేంద్రం గ్రేటర్ నోయిడాలో 3 మెగావాట్-గంటలది 2025 నవంబర్‌లో ప్రారంభించింది. ఆ వార్త వచ్చినప్పుడు బాపే నాకు ఫోన్ చేసి చెప్పాడు, "నీ సీసల నీళ్లే అట" అని. అంతకు ఏడాది ముందు, ఆ వాకిట్లో ఆయన అడిగిన రెండో ప్రశ్నకు మాత్రం నేను తడబడ్డాను.

"మన రామగుండం ఎండకు అది ఆగుతదా?"

బొగ్గు గనుల వేడిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి ముందు అడిగింది ఎండ గురించే. మా సార్‌కు ఇది చెబితే నవ్వి, "ఇంకేం, ప్రాబ్లం స్టేట్‌మెంట్ దొరికింది కదా, మార్చి రాయి" అన్నారు. నా థీసిస్ పేరు ఆ నెలలోనే మారింది.

2025 వేసవిలో అసలు ప్రయోగం పెట్టాను. చిన్న చిన్న సీసాలు, ఒక్కోదాంట్లో 20 మిల్లీలీటర్లు. వెనేడియం 1.5, 2 మోలార్. యాసిడ్ మూడు రకాలు. కొన్నింట్లో ఫాస్ఫారిక్, కొన్నింట్లో లేదు. మూతల చుట్టూ పారాఫిల్మ్ చుట్టి వాటర్ బాత్‌లో. 40కి ఒక బాత్, 45కి ఒకటి. పోల్చడానికి 25, 30 కూడా కావాలి కదా. అక్కడ వచ్చింది తంటా. మా వాటర్ బాత్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లార్చడం రాదు. చుట్టూ గదే 43 ఉంటే బాత్‌ను 30 మీద ఎవరు నిలబెడతారు? చిల్లర్ కొనాలంటే కొటేషన్లు, సంతకాలు. అటెండర్ అన్న ఐస్ తెస్తానన్నాడు. రెండు రోజులు తెచ్చాడు కూడా. గంటకోసారి ఐస్ వేస్తూ రాత్రంతా కూర్చునేది ఎవరు?

45లో పెట్టిన 2 మోలార్ సీసా, తక్కువ యాసిడ్‌ది, రెండో రోజు మధ్యాహ్నానికే మసకబారింది. ముందు పొడి పడదు. ముందు తేట పోతుంది, సీసా వెనక రాసిన నంబర్ మసగ్గా కనిపిస్తుంది, ఆ తర్వాత కొన్ని గంటలకు అడుగున గీతలా మొదలవుతుంది. అందుకని సీసాల వెనక తెల్ల కాగితం మీద నంబర్లు అతికించి, పూటకోసారి చదవగలుగుతున్నానా లేదా అని రాసుకున్నాను. ఖరీదైన మిషన్ ఏదీ లేదు, నా కళ్లజోడే మిషన్. 1.5 మోలార్‌వి వారం దాటినా తేటగానే ఉన్నాయి. ఫాస్ఫారిక్ వేసినవి వేయనివాటి కంటే ఎక్కువ రోజులు ఆగాయి. కరెంటు పోయిన రాత్రుల లెక్క కూడా పక్క కాలమ్‌లో రాశాను. రివ్యూ చేసేవాళ్లు అడుగుతారని కాదు, నాకే తర్వాత అనుమానం వస్తుందని.

25 డిగ్రీల వరస డిసెంబర్ దాకా ఆగింది. చిల్లర్ ఫైల్ అప్పటికీ ఏదో టేబుల్ మీదే ఉంది. ఒక పొద్దున స్వెటర్ వేసుకుని రైలు దిగి వచ్చి, అదే తెల్ల టైల్ మీద, బాత్ లేకుండా, ఏసీ లేకుండా, సీసాలు వరసగా పెట్టాను. థర్మామీటర్ 24 చూపించింది. నోట్‌బుక్ తెరిచి "గది ఉష్ణోగ్రత" అని రాయబోయి ఆగి, పాత పేజీలు తిప్పాను. 2024 మే పేజీల్లో ఆ మాట ఉన్న చోటల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన 43, 42, 43 అని వేసి ఉంది. కొత్త పేజీలో 24 అని అంకె ఒక్కటే రాసి, మొదటి సీసా వెనక నంబర్ చదివాను. తేటగా ఉంది.